పాత త్రీడీ అట్టల మీద యుద్ధం నాటి పెద్ద ఫిరంగులు: వీటిలో ఎంత నిజం, ఎలా చూడాలి?

పెన్నా_టు_పెన్సిల్వేనియా:

అందరికీ నమస్కారం. నేను ఉండేది పిట్స్‌బర్గ్ దగ్గర. మొన్న ఇక్కడ ఫ్లీ మార్కెట్‌లో ఒక పెద్దావిడ అటక మీద సామానంతా తెచ్చి అమ్ముతుంటే చెక్కపెట్టె నిండా పాత అట్టలు కనబడ్డాయి. ఒక్కో అట్ట మీద ఒకే ఫొటో రెండుసార్లు పక్కపక్కన అంటించి ఉంది, అట్ట కొంచెం వంపుగా ఉంది. బేరం కూడా ఆడకుండా తెచ్చేసుకున్నా. ఇంటికొచ్చి తీసి చూస్తే సగానికి పైగా ఫిరంగులే. మామూలువి కాదు, పక్కన నిలబడ్డ మనిషి కొన్నిట్లో చక్రం ఎత్తు కూడా రాడు. చాలావాటి మీద కీస్టోన్ వ్యూ కంపెనీ అని, కొన్నిటి మీద అండర్‌వుడ్ అండ్ అండర్‌వుడ్ అని, ఒకటి రెండిటి మీద రియలిస్టిక్ ట్రావెల్స్, లండన్ అని ఉంది. కొన్నిటి వెనక చిన్న అక్షరాల్లో పేజీడు వివరణ.

నా డౌట్లు చాలానే ఉన్నాయి. ఒక అట్ట మీద విరిగి పక్కకు ఒరిగిన పెద్ద ఫిరంగి, చుట్టూ చెట్లు, కింద ఇది పారిస్‌ను కొట్టిన పెద్ద బెర్తా అన్నట్టు రాశారు. నిజమేనా? ఇంకోదాంట్లో ఫిరంగి పేలిన పొగ, ఆ పైన ఆకాశంలో నల్లగా గుండు కనిపిస్తోంది, జపాన్ సైనికులనుకుంటా చుట్టూ. ఆ కాలం కెమెరాకి గాల్లో గుండు చిక్కుతుందా, లేక ఎవరైనా సిరాతో చుక్క పెట్టారా? మరోదాంట్లో ఫిరంగి ముందు ఇనప పెట్టె లాంటిది, దాన్నిండా మట్టి. ఎందుకు? రైలు పట్టాల మీద ఉన్నవి కూడా కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే నన్ను ఆపేసింది రియలిస్టిక్ ట్రావెల్స్ అట్ట, అందులో తలపాగాలు కట్టుకున్న మన సిపాయిలు ఒక పెద్ద ఫిరంగి పక్కన ఉన్నారు, మన వాళ్ళు ఫ్రాన్స్‌లో ఇంతింత ఫిరంగులు పేల్చారా?

చూసే పరికరం నా దగ్గర లేదు. చిన్నప్పుడు తిరుపతిలో కొనిపెట్టేవాళ్ళు చూడండి, కంటికి పెట్టుకుని మీట నొక్కితే గుడి బొమ్మలు మారే డబ్బా, ఇది కూడా అలాంటిదేనా? పరికరం లేకుండా చూసే దారి ఏదైనా ఉంటే చెప్పండి. మా ఆవిడ మాత్రం ఇంట్లో ఫిరంగుల బొమ్మలేమిటి, తీసుకెళ్ళి గరాజ్‌లో పెట్టమంటోంది.

బందరు_కెమెరా:

తమ్ముడూ, మంచి పెట్టె దొరికింది. ఆ కీస్టోన్ కంపెనీ మీకు ఉత్తరాన రెండు గంటల దూరంలోపే ఉన్న మెడ్‌విల్ అనే ఊళ్ళోది. 1892లో బి.ఎల్. సింగ్లీ అనే ఆయన పెట్టాడు. తర్వాత స్కూళ్ళకి అమ్మడం మొదలుపెట్టారు, అందుకే వెనక ఆ పాఠం. అండర్‌వుడ్ వాళ్ళు అన్నదమ్ములు, కాన్సస్‌లో 1881లో మొదలుపెట్టి ఇంటింటికీ మనుషుల్ని పంపి అమ్మించారు, 1901 నాటికి రోజుకు 25,000 అట్టలు తీసేవాళ్ళు. ఆ తర్వాత వాళ్ళ స్టీరియో నెగెటివ్‌లు కీస్టోన్ చేతికి వచ్చాయి, కాబట్టి ఒకే ఫొటో రెండు కంపెనీల పేర్ల మీద కనిపిస్తే కంగారు పడకు. అట్టలు అసలువే అయి ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధం కీస్టోన్ అట్టలు అమెరికాలో కుప్పలుగా ఉన్నాయి, ఒక్కోటి కొద్ది డాలర్లకే వస్తుంది, దానికి నకిలీ చేసే కష్టం ఎవడూ పడడు.

అట్ట అసలుదైనా దాని మీద రాసింది అసలు కాకపోవచ్చు. నీ పారిస్ అట్ట అలాంటిదే. పారిస్ మీద 1918 మార్చి 23 నుంచి గుండ్లు వేసిన ఫిరంగి వేరు. గొట్టం మూతి వెడల్పు 21 సెంటీమీటర్లు (ఫిరంగులకి చెప్పే సెంటీమీటర్లు, అంగుళాలు ఈ వెడల్పే), పొడుగు విపరీతం, దాదాపు 120 కిలోమీటర్ల దూరం నుంచి కొట్టేది. ఒక్కో గుండుకీ గొట్టం లోపల ఎంత అరిగిపోయేదంటే తర్వాతి గుండు కాస్త లావుది వేయాలి, అందుకే గుండ్లకి వరస నంబర్లు వేసి అదే వరసలో పేల్చేవాళ్ళు. జర్మన్లు వెనక్కి పోతూ దాన్ని తీసుకుపోయారు, మిత్రరాజ్యాలకు అది చిక్కలేదు. అంచేత పట్టుబడ్డ పారిస్ ఫిరంగి అని ఏ అట్ట చెప్పినా నమ్మనక్కర్లేదు. పెద్ద బెర్తా మళ్ళీ ఇంకోటి, జర్మనీ క్రుప్ కంపెనీ చేసిన 42 సెంటీమీటర్ల హోవిట్జర్, అంటే గుండుని ఎత్తుగా వంపు తిప్పి వేసే పొట్టి గొట్టం ఫిరంగి, 1914 ఆగస్టులో బెల్జియంలోని లియేజ్ కోటల్ని పగలగొట్టింది అదే. లావెక్కువ, దూరం తక్కువ. అది పారిస్‌ను కొట్టాలంటే పారిస్ శివార్లలోకి తెచ్చి పెట్టాలి.

మరి నీ అట్టలో ఉన్నదేమిటంటే, చెట్ల మధ్య విరిగి ఒరిగింది అన్నావు కాబట్టి, చాలావరకు ఫ్రాన్స్‌లో షుయీన్ అనే ఊరి దగ్గర దొరికిన 38 సెంటీమీటర్ల ఓడ ఫిరంగి అయి ఉంటుంది. అది కొట్టింది పారిస్‌ను కాదు, అమియాన్ పట్నాన్ని. 1918 ఆగస్టు 23న ఆస్ట్రేలియా వాళ్ళు ఆ చోటు పట్టుకునేసరికే జర్మన్లు దాన్ని పేల్చేసి వెళ్ళిపోయారు. దాని ముందు నిలబడి ఫొటో దిగని వాడు లేడు, తర్వాత టూరిస్టులు కూడా వచ్చేవాళ్ళు. అమియాన్ ఫిరంగి అని రాస్తే అమెరికాలో కొనేవాడికి ఏం తెలుస్తుంది, పారిస్ అని రాస్తే అమ్ముడుపోతుంది. అదీ సంగతి.

జపాన్ అట్ట సంగతి వేరు, అది నీ పెట్టెలో రత్నం. 1904లో చైనా తీరాన రష్యా చేతిలో ఉన్న పోర్ట్ ఆర్థర్ రేవు ముట్టడి అయి ఉండాలి. జపాన్ వాళ్ళు తమ సముద్రతీరం కాపలా కోసం పెట్టుకున్న 28 సెంటీమీటర్ల హోవిట్జర్లు విప్పి, ఓడల్లో తెచ్చి, కాంక్రీటు దిమ్మలు పోసి బిగించారు. ఒక్కో గుండు 217 కిలోలు. డిసెంబర్ 5న 203 మీటర్ల కొండ చేతికొచ్చాక అక్కడ మనిషిని కూర్చోబెట్టి, పడేచోటు చెప్పించుకుంటూ రేవులో ఉన్న రష్యా ఓడల్ని ఒక్కొక్కటిగా కొట్టారు. అక్కడ అండర్‌వుడ్ వాళ్ళ తరఫున ఉన్నది జేమ్స్ రికాల్టన్, న్యూజెర్సీలో బడిపంతులు, వయసు అప్పటికే 60. ఎడిసన్ బల్బు లోపల తీగకి పనికొచ్చే వెదురు వెతకమని 1888లో ఆసియాకు పంపింది కూడా ఈయన్నే. ముట్టడిలో గుండు గాల్లో ఉండగా తీసిన ఫొటో ఆయనదే. గీసిన చుక్క కాదనే నా నమ్మకం, మిగతా విషయం ఫిరంగి పేల్చినవాళ్ళెవరైనా ఉంటే చెప్పాలి.

గన్నర్_శ్రీకాకుళం:

పేల్చినవాణ్ణే. ఆర్టిలరీలో చేసి రిటైర్ అయ్యాను, ట్రైనింగ్ మన గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లోనే.

గుండు కంటికి కనిపిస్తుంది బాబూ, కెమెరా దాకా ఎందుకు. హోవిట్జర్ గుండు తుపాకీ తూటా అంత జోరుగా పోదు. ఆ పాత 28 సెంటీమీటర్లది సెకనుకు 300 మీటర్ల చిల్లర వేగం. పక్కన నిలబడితే ఏమీ కనపడదు, బారెల్ వెనకాల సరిగ్గా దాని లైన్‌లో నిలబడి పైకి చూపు పెట్టు, నల్ల చుక్క చిన్నదవుతూ పోవడం తెలుస్తుంది. ఎందుకంటే అది నీ కంటికి అడ్డంగా పోవట్లేదు, నీ నుంచి దూరంగా పోతోంది. కెమెరా కూడా వెనకాల పెట్టి, షట్టర్ సెకనులో ఐదువందో వంతు తెరిస్తే ఆ లోపు గుండు పోయేది అరమీటరు పైచిలుకు, అందులోనూ దూరంగా పోయేదే ఎక్కువ. కష్టం అంతా సరిగ్గా ఆ క్షణాన మీట నొక్కడంలో ఉంది. పేల్చే తాడు లాగేవాడిని చూస్తూ ఉండాలి, శబ్దం విన్నాక నొక్కితే గుండు ఉండదు.

మట్టి పెట్టె అంటే అది బ్రిటిష్ 9.2 అంగుళాల హోవిట్జర్ అయి ఉంటుంది. దాన్ని చక్రాల మీద పేల్చరు, విడదీసి తెచ్చి నేల మీద దిమ్మకు బిగిస్తారు. బారెల్ కాస్త కిందికి దించి పేలిస్తే ఆ తోపుకి ముందు భాగం లేచిపోతుంది. లేవకుండా ముందు పెట్టె కట్టి తొమ్మిది టన్నుల పైన మట్టి పోస్తారు. ఎవరు పోస్తారు? గన్నర్లే, పారలతో. చోటు మారినప్పుడల్లా ఆ మట్టి తియ్యాలి, ఇంకోచోట మళ్ళీ పొయ్యాలి. బొమ్మలో అది చూడగానే నాకు గన్ కంటే ఆ కుర్రాళ్ళ నడుములు గుర్తొస్తాయి. దాని గుండు 130 కిలోలు, క్రేన్‌తో ఎత్తాలి. కాబట్టి ఏ అట్టలోనైనా ఒక్కడే అలాంటి గుండుని భుజాన వేసుకుని నవ్వుతూ ఉంటే అది ఖాళీ గుండు.

రైలు ఫిరంగుల దగ్గర పట్టాలు గమనించండి. చాలావాటికి పక్కకి తిరిగే వీలు కొద్దిగానే ఉంటుంది, కొన్నిటికి అసలు ఉండదు. అందుకని పట్టాలే వంకరగా వేస్తారు. ఆ వంపు మీద బండిని ముందుకో వెనక్కో జరిపితే బారెల్ చూసే దిక్కు మారుతుంది. అమెరికా నేవీ వాళ్ళ 14 అంగుళాల రైలు గన్లు నీ పెట్టెలో ఉండొచ్చు, ఆ బండ్లు చేసింది మీ పెన్సిల్వేనియాలోనే, బాల్డ్విన్ రైలింజన్ల ఫ్యాక్టరీలో. గుండు 1,400 పౌండ్లు. 1918 సెప్టెంబర్‌లో పేల్చడం మొదలుపెట్టి నవంబర్ 11న యుద్ధం ఆగే నిమిషాల ముందు దాకా పేల్చారు.

ఇక మన సిపాయిలు. ఇది కాస్త చేదుగా ఉంటుంది. 1857 తర్వాత ఇంగ్లీషు వాళ్ళు తమ ఇండియా సైన్యంలో మన వాళ్ళ చేతికి పెద్ద ఫిరంగి ఇవ్వలేదు, మళ్ళీ మన మీదకే తిప్పుతారని భయం. కొండల మీదకి కంచరగాడిదల మీద మోసుకెళ్ళే చిన్న ఫిరంగుల దళాలు మాత్రం మన వాళ్ళవి. మన వాళ్ళతో తొలి ఫీల్డ్ ఆర్టిలరీ, అంటే మైదానంలో వాడే ఫిరంగుల, బ్రిగేడ్ బెంగళూరులో 1935లో పెట్టారు. అంటే నీ అట్టలో ఉన్న సిపాయిలు ఆ గన్ పేల్చేవాళ్ళు కాదు. పక్కన దండులో ఉన్న పదాతి దళం వాళ్ళయ్యుంటారు, ఫొటో కోసం నిలబెట్టారు.

తెలుగు_లెక్చరర్_కాదు_హిస్టరీ:

గన్నర్ గారు చెప్పిన చివరి మాట పట్టుకుంటాను. రియలిస్టిక్ ట్రావెల్స్ అంటే హిల్టన్ గిర్డ్‌వుడ్ అనే ఆయన కంపెనీ. 1915లో ఫ్రాన్స్‌లో ఇండియా దళాల ఫొటోలు, సినిమా తీయడానికి ఆయనకి అనుమతి దొరికింది. ఆ ఫొటోలు చాలావరకు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. వాటిలో దాడులు, కందకంలోంచి దూకడాలు, గురిపెట్టడాలు చాలావరకు వెనకనున్న శిక్షణ కందకాల్లో చెప్పి చేయించినవి. కారణం సులువే, అసలు కందకంలో తల పైకెత్తి మూడు కాళ్ళ కెమెరా పెడితే తల ఉండదు.

దీన్ని నేను మోసం అనను గానీ, ఈ పెట్టెలన్నిటిలో ఫిరంగులే ఎందుకు నిండిపోయాయో అడగాలి కదా. ముందు వరస సైనికుణ్ణి తీయడానికి కెమెరావాణ్ణి పోనివ్వరు. పెద్ద ఫిరంగి మాత్రం ముందు వరసకి కిలోమీటర్ల వెనక ఉంటుంది, అక్కడికి జర్నలిస్టులు వస్తారు, మంత్రులు వస్తారు, రాజు గారు వస్తారు. అది కదలదు, ఎండలో నిలబడి ఉంటుంది, ఎంత సేపైనా ఫొటో తీసుకోవచ్చు. చూసేవాడికి మన బలం ఇంత అనిపిస్తుంది, సెన్సారు వాళ్ళకీ అభ్యంతరం లేదు. దానివల్ల ఏమవుతుందంటే ఇంట్లో దీపం పక్కన కూర్చుని అట్టలు తిరగేసేవాడికి యుద్ధం అంటే గొట్టం ఇవతలి వైపే. అవతలి వైపు ఏం జరిగిందో ఎప్పుడో ఒక కూలిన చర్చి, ఒక గుంట చూపిస్తారు. 1916లో ఫ్రాన్స్‌లోని సొమ్ నది దగ్గర దాడికి ముందు వారం రోజుల్లో ఇంగ్లీషు ఫిరంగులు 15 లక్షలకు పైగా గుండ్లు వేశాయి. అవి వేస్తున్న అట్టలు బోలెడు. వేసినా తెగని ముళ్ళతీగ, లోతైన నేలమాళిగల్లో బతికి బయటికొచ్చిన జర్మన్ మెషిన్ గన్నులు, జూలై 1న ఒక్కరోజులో చనిపోయిన, గాయపడ్డ 57,000 మంది, వాటికి అట్టలు అరుదు.

ఫ్రాన్స్ వాళ్ళ గాజు ప్లేట్లు కొంచెం మేలు. జూల్ రిషార్ అనే ఆయన చేసిన వెరాస్కోప్ అనే చిన్న త్రీడీ కెమెరా, 45 బై 107 మిల్లీమీటర్ల గాజు మీద తీసేది, జేబు సంచిలో పట్టేది. చాలామంది ఫ్రెంచి ఆఫీసర్లు తమ సరదాకి వెంట తీసుకెళ్ళారు. వాళ్ళకి అమ్మే గొడవ లేదు కాబట్టి ఫిరంగి పక్కన వంట చేసుకుంటున్న వాళ్ళు, బురదలో దిగబడ్డ గుర్రాలు, ఏ పోజూ లేకుండా వచ్చేశాయి. మీకు ఎప్పుడైనా ఆ గాజు ప్లేట్లు దొరికితే అట్టలన్నీ ఇచ్చేసి అవి తీసుకోండి అంటాను.

గన్నర్_శ్రీకాకుళం:

అమ్మా, మీరు చెప్పింది ఒప్పుకుంటాను గానీ గొట్టం ఇవతలి వైపు కూడా సుఖంగా ఏమీ లేదు. ఎదుటివాడి ఫిరంగి వెతికేది మన ఫిరంగినే. సొమ్ దగ్గర, వెర్డన్ దగ్గర గన్నర్లు కందకంలో వాళ్ళలాగే చచ్చారు. చెవుల సంగతి సరేసరి, ఆ ఫొటోల్లో చూడండి, చేతులతో చెవులు మూసుకోవడం తప్ప ఇంకేమీ లేదు. నాకు చెవుల్లో పెట్టుకునేవి ఇచ్చిన కాలంలో కూడా ఎడమ చెవి సగం పోయింది.

ఫొటో నిజంగా యుద్ధంలోదా, పోజు పెట్టిందా అని తెలియాలంటే నేను చూసేది ఒకటే, గుండ్లు ఎక్కడ ఉన్నాయని. శత్రువు విమానాలు తిరిగే చోట గుండ్లన్నీ గన్ పక్కనే, ఎండలో, తళతళలాడుతూ వరసగా పేర్చరు. వల కప్పి, చెల్లాచెదురుగా, గుంటల్లో పెడతారు.

ఉప్పల్_మ్యాప్‌రూమ్:

ఆలస్యంగా వచ్చాను. మాది మ్యాపుల పని, ఉద్యోగంలో చేరిన కొత్తలో అద్దాల స్టీరియోస్కోప్ (జత ఫొటోల్ని లోతుతో చూపించే పరికరం) కింద విమాన ఫొటోలు జతలు జతలుగా చూసి కొండలెక్కడో వాగులెక్కడో గీసేవాళ్ళం, కాబట్టి ఇది మన సబ్జెక్టే.

ముందు తిరుపతి డబ్బా గురించి. అందులో తిరిగేది ఒకే ఫిలిం, రెండు కళ్ళకీ ఒకే బొమ్మ, కాబట్టి అది త్రీడీ కాదు. నీ అట్ట మీద ఉన్నవి ఒకే ఫొటో రెండుసార్లు అంటించినవి కూడా కాదు. రెండు లెన్సుల కెమెరాతో, మన రెండు కళ్ళకి మధ్య ఎంత దూరమో దాదాపు అంత, అంటే ఆరున్నర సెంటీమీటర్ల ఎడంతో తీసిన రెండు వేర్వేరు ఫొటోలు. ఫిరంగి కొన వెనకాల ఉన్న చెట్టు ఎడమ ఫొటోలో ఎక్కడుందో కుడిదాంట్లో ఎక్కడుందో స్కేలు పెట్టి కొలిచి చూడు, తేడా తెలుస్తుంది. ఆ తేడానే లోతు.

పరికరం లేకుండా చూడాలంటే అట్టతో ప్రయత్నించకు, రెండు ఫొటోల మధ్య దూరం మన కళ్ళ మధ్య దూరం కంటే ఎక్కువ, కళ్ళు బయటికి తిప్పాలి, తలనొప్పి వస్తుంది. ఫోన్‌తో ఫొటో తీసి, తెరని అడ్డంగా పెట్టి, మొత్తం జత వెడల్పు 12 సెంటీమీటర్లు దాటకుండా చిన్నది చేసుకో. ముఖానికి ఓ జానెడు దూరంలో పట్టుకుని, ఫోన్‌ని కాకుండా దాని వెనకున్న గోడని చూస్తున్నట్టు చూపు వదిలెయ్యి. రెండు బొమ్మలు మూడవుతాయి, మధ్యలోది నిలబడేదాకా ఓపిక పట్టు. నిలబడ్డాక లోతు తన్నుకొస్తుంది. కళ్ళు ముక్కు వైపుకి, మెల్లకన్నులా తిప్పి చూస్తే మాత్రం అంతా తిరగబడుతుంది, గుంట గుట్టలా, ముందున్న చక్రం వెనక్కీ కనిపిస్తుంది. ఫొటోలు తారుమారుగా అంటించిన అట్టయినా ఇలాగే ఉంటుంది. రెండు లెన్సుల నెగెటివ్‌ని అలాగే ప్రింటు వేస్తే కుడి ఎడమలు మారిపోతాయి, కత్తిరించి మార్చి అంటించాలి, ఆ పని చేసేవాళ్ళు అప్పుడప్పుడు మరిచిపోయేవాళ్ళు. ఇదేదీ కుదరకపోతే హోమ్స్ రకం చేతి స్టీరియోస్కోప్ పాతదో కొత్తదో కొనుక్కో, అమెరికాలో సులువుగానే దొరుకుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. లెక్చరర్ గారు ఫిరంగులు ఎందుకు ఎక్కువో చెప్పారు, దానికి ఇంకో కారణం ఉంది. ఆరున్నర సెంటీమీటర్ల ఎడంతో తీసిన ఫొటోలో లోతు దగ్గరి వస్తువులకే ఉంటుంది. వంద, రెండు వందల మీటర్లు దాటాక అంతా గోడకి అంటించిన తెర. యుద్ధభూమి ఎంత విశాలమైనా అట్టలో అది తెరే. కాబట్టి దగ్గరగా ఏదో పొడుచుకొచ్చే వస్తువు కావాలి. ఫిరంగి కంటే మంచిదేముంది? ముందు గుండ్ల వరస, తర్వాత మనిషి, తర్వాత చక్రం, ఆ వెనక ఏటవాలుగా పైకి పోయే గొట్టం, మెట్లు మెట్లుగా లోతు. కొన్నిట్లో గొట్టం మూతిని నేరుగా మన ముఖం మీదకే పెట్టి తీశారు, చూసి ఉలిక్కిపడతావు.

అదే లెక్కతో దొంగ పనిని కూడా పట్టుకోవచ్చు. మామూలు ఫొటోలో తెల్ల పొగ గీయడం తేలిక. జత ఫొటోల్లో రెండు చోట్లా గీయాలి, అది కూడా సరైన తేడాతో గీయాలి. తేడా తప్పితే దూరంగా పేలాల్సిన గుండు పొగ వచ్చి గన్ చక్రం మీద కూర్చుంటుంది, లేదా గాజు మీద మరకలా అన్నిటికంటే ముందు తేలుతుంది. అయితే నీ జపాన్ గుండుకి ఈ పరీక్ష పెట్టకు, అది అప్పటికే దూరం పోయి ఉంటే అసలుదైనా లోతు కనపడదు, దాన్ని బట్టి ఏమీ తేల్చలేం.

ఇంకొక్కటి చెప్పి ఆపుతా. ఈ లోతు చూసే విద్య అట్టల దగ్గర ఆగలేదు, ఫిరంగుల వేటకే వాడారు. విమానం పోతూ కొన్ని సెకన్ల తేడాతో రెండు ఫొటోలు తీస్తే కళ్ళ మధ్య దూరం ఆరున్నర సెంటీమీటర్లు కాదు, వందల మీటర్లు అయినట్టు. అప్పుడు ఇల్లు గోపురంలా లేస్తుంది, ఫిరంగి గుంట బావిలా దిగుతుంది. ఫ్రాన్స్ వాళ్ళు 1915లోనే చిత్రకారుల్ని చేర్చుకుని ఫిరంగులకి రంగులు పూయించే విభాగం పెట్టారు, కానీ రంగు ఎంత పూసినా ఎత్తుని దాచలేరు కదా, జత ఫొటోలో అది లేచి కూర్చునేది. సముద్రం మీద 1916లో జట్లాండ్ యుద్ధంలో జర్మన్ ఓడలకి స్టీరియో పద్ధతి దూరమాపకాలు ఉన్నాయి, ఇంగ్లీషు వాళ్ళవి వేరే పద్ధతి. మొదట్లో జర్మన్లు దూరం బాగా పట్టారనే చెబుతారు. మన కార్టోశాట్-1 ఉపగ్రహం 2005లో పైకి వెళ్ళింది గుర్తుందా, అందులో ఒక కెమెరా 26 డిగ్రీలు ముందుకి, ఇంకోటి 5 డిగ్రీలు వెనక్కి వంచి పెట్టారు. అదీ ఇదే, నేలని రెండు కళ్ళతో చూడటం.

పెన్నా_టు_పెన్సిల్వేనియా:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. ఉప్పల్ అన్నా, ఫోన్ పద్ధతి నిన్న రాత్రి కుదిరింది! మట్టి పెట్టె అట్టతో మొదలుపెట్టా, మట్టిలో దిగిన పార పిడి వచ్చి మీద పడ్డట్టుంది. మా ఆవిడ కూడా చూసింది, ఆవిడకి నాకంటే ముందే కుదిరింది, గరాజ్ మాట మళ్ళీ ఎత్తలేదు. కీస్టోన్ అట్టల్లో ఒకదానిలో దూరంగా గుండు పేలినట్టున్న తెల్ల పొగ ఉంది, అది అచ్చం మీరన్నట్టే ముళ్ళతీగ కంటే ఇవతల తేలుతోంది, ఎవరో పెట్టిందే.

సిపాయిల అట్ట మళ్ళీ చూశా. గన్నర్ గారూ, వాళ్ళ పక్కన ఇద్దరు ఇంగ్లీషు కుర్రాళ్ళు చొక్కా చేతులు మడుచుకుని నిలబడి ఉన్నారు, చేతులు నల్లగా గ్రీజుతో ఉన్నాయి. మన వాళ్ళ చేతులు శుభ్రంగా ఉన్నాయి.

గన్నర్_శ్రీకాకుళం:

మరి చెప్పానుగా. గన్ వాళ్ళది, ఫొటో మన వాళ్ళది. అట్ట స్కాన్ చేసి పెట్టు, తలపాగా కట్టు చూస్తే ఏ ప్రాంతం వాళ్ళో కొంత చెప్పొచ్చు. మాకు తెలిసిన పాత సుబేదార్ ఒకాయన ఉన్నాడు, ఆయనకి చూపిస్తా.

బందరు_కెమెరా:

స్కాన్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త తమ్ముడూ. వంపు అట్టల్ని స్కానర్ మూతతో గట్టిగా నొక్కకు, అవి కావాలనే అలా వంచి చేసినవి, నొక్కితే ఫొటో పొర పగులుతుంది. పైనుంచి కెమెరాతో తీస్తే చాలు. వెనక వివరణ కూడా తియ్యి, ముందు అబద్ధం రాసినా వెనక నంబరు పట్టుకుని అసలు ఎక్కడిదో వెతకొచ్చు. కీస్టోన్ వాళ్ళ నెగెటివ్‌లు కాలిఫోర్నియా యూనివర్సిటీ రివర్‌సైడ్ మ్యూజియంలో ఉన్నాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో అమెరికా అంతర్యుద్ధం నాటివి పెద్ద సైజులో ఉచితంగా ఉన్నాయి, అక్కడ 1864లో పీటర్స్‌బర్గ్ దగ్గర డేవిడ్ నాక్స్ తీసిన డిక్టేటర్ అనే మోర్టార్, అంటే గుండుని బాగా పైకి విసిరే పొట్టి ఫిరంగి, ఫొటో చూడు. 13 అంగుళాల మూతి, ఏడున్నర టన్నులకు పైగా బరువు, రైలు బండి మీద పెట్టారు. పేలితే ఆ బండి పట్టాల మీద పది పన్నెండు అడుగులు వెనక్కి పోయేదట. అప్పట్లో గాజు మీద తడి రసాయనం ఆరకముందే తీసి కడగాలి, లెన్సు సెకన్ల పాటు తెరిచి ఉంచాలి, కాబట్టి పేలుతున్న ఫొటో దొరకడం చాలా అరుదు, అందరూ చేతులు కట్టుకుని బొమ్మల్లా నిలబడి ఉంటారు. దాన్ని నీ ఫోన్‌లో పెట్టుకుని చూడు, వెనక పట్టాలు వంపు తిరిగి ఉండటం కనిపిస్తుంది, గన్నర్ గారు చెప్పిన వంపే.